మెత్త కుర్చీల శుద్ధియు సంరక్షణయు

(పట్టాభిరామ్ తెలుగు కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ దినము నేను మాటలాడవలసిన విషయమును చూచి మీలో కొందరు నవ్వుకొనియుందురు. భాషను గూర్చియో, బడులలో తెలుగు తరగతులను గూర్చియో మాటలాడుకొను చోట కుర్చీల మురికి ప్రస్తావన యేల యని వారి తలంపు. కాని మన వీధులలో ఏ పాత యింటికి పోయినను ముందుగదిలో ఒక మెత్త కుర్చీ కనబడును. తాతగారు చెన్నపట్నపు వేలములో కొన్నదో, చిత్తూరు వైపు నుండి కోడలితో సారెగా వచ్చినదో, ఉద్యోగ విరమణ నాడు తోటివారు బహూకరించినదో అయియుండును. కర్ర టేకు, మరి రెండు తరములు నిలుచును. చెడినది పైగుడ్డయు లోపలి దూదియు మాత్రమే. ఆ రెండును చెడినవని కర్రను గూడ పాత సామానుల బండికి తూకమున కిచ్చివేయుట మన యిండ్లలో ఈమధ్య ఎక్కువైనది. దాని స్థానమున వచ్చు క్రొత్త సోఫా కొన్నియేండ్లకే కుంగిపోవుచున్నది. అందుచేత ఈ విషయము చిన్నదిగా నాకు తోచలేదు.

కుర్చీని శుభ్రపరచుటకు ముందు దాని కడుపులో నేమున్నదో తెలిసికొనవలెను. కుర్చీని బోర్లించి, అడుగున మేకులతో బిగించిన గుడ్డను ఒక మూల కొంచెము విప్పి చూడుడు. పాత పనియైనచో మొదట నవారు పట్టీలు అడ్డముగను నిలువుగను అల్లియుండును. వాని మీద స్ప్రింగులు, స్ప్రింగుల మీద గోనెగుడ్డ, దానిపై కొబ్బరి పీచు, పీచుపై బూరుగు దూది, దానిపై కోరా గుడ్డ, అన్నిటికిని పైన మనకు కనబడు గుడ్డ. మిక్కిలి ఖరీదైన కుర్చీలలో పీచునకు బదులు గుర్రపు వెంట్రుకలుండును. అవి దొరికినచో పారవేయవలదు, కడిగి ఆరబెట్టిన మరల పనికివచ్చును. బూరుగు దూది యనిన మన పిల్లలలో పలువురకు తెలియదు, ఇలవం పంజు అనిన వెంటనే తెలియును. ఇంటిలో రెండు పేర్లను పలుకుచుండిన మంచిది.

క్రొత్త కుర్చీలలో ఫోము తప్ప వేరొకటి లేదు. రబ్బరు పాలను నురుగుగా గిలకొట్టి మెత్తలు చేయు పద్ధతిని 1929లో ఇంగ్లండునందు డన్‌లప్ సంస్థవారు కనుగొనిరి. తరువాత 1937లో జర్మనీలో ఆటో బేయర్ అను రసాయన శాస్త్రజ్ఞుడు పాలీయురెథేను అను పదార్థమును సాధించెను. ఈనాడు అంగళ్లలో దొరకు ఫోములో అధిక భాగము దీనితో చేసినదే.

ఈ భేదము తెలియనిదే నీరు ముట్టరాదు. కొబ్బరి పీచు, నూలు దూది నీటిని పీల్చి చాల సేపు విడువవు. బూరుగు దూది నూగుపై సహజముగ మైనము వంటి పొర యుండుటచే నీరు సులభముగ నంటదు. ఒకప్పుడు ఓడలలో ప్రాణరక్షణ కవచములను దానితో నింపుట ఇందువలననే. అయినను తడిపి ఒత్తిన ఉండలు కట్టును. ఫోము పైకి ఆరినట్లు కనబడును గాని నడుమ రెండు మూడు దినముల వరకు తేమగనే యుండును. ఆ తేమలో బూజు పుట్టి, కూర్చున్నవారికి ముక్కవాసన కొట్టును. ఇంటిలో కుర్చీలను పాడుచేయునది మురికి కన్న నీరే యనుట సత్యదూరము కాదు.

కావున మొదటి పని పొడి పని. దుమ్మును తీయుటయే నూటికి ఎనుబదివంతుల శుద్ధి యని నా యభిప్రాయము. ఇచ్చట ఒక చిన్న కథ చెప్పెదను. 1901లో లండనులో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అను ఇంజనీరు ఒక యంత్ర ప్రదర్శనమును చూచెను. ఆ యంత్రము గాలిని ఊది దుమ్మును లేపును. లేచిన దుమ్ము మరల అచ్చటనే పడును. ఊదుటకు బదులు పీల్చిన నేమని ఆయనకు తోచినది. తరువాత ఒక భోజనశాలలో మఖమలు కుర్చీ వీపునకు నోరానించి గట్టిగా పీల్చి చూచెను. దుమ్ము గొంతున పడి ఉక్కిరిబిక్కిరి యయ్యెనట గాని, ఆలోచన సరియైనదని తేలినది. ఆయన మొదటి యంత్రము గుర్రపు బండి మీద వచ్చి వీధిలో నిలిచి, పొడవైన గొట్టములను కిటికీల గుండ పంపి ఇండ్లలోని దుమ్మును లాగెడిది. 1902లో ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకమునకు ముందు వెస్ట్‌మినిస్టర్ ఆబీలోని తివాసీలను దీనితోనే శుభ్రపరచిరి. నేడు మనము వాడు వాక్యూం క్లీనరు పుట్టుక మెత్త కుర్చీ వీపు నుండియే యని చెప్పవచ్చును.

ఆ యంత్రము లేని యిండ్లకు ఒక తేలిక యుపాయము గలదు. పాత నూలు దుప్పటిని తడిపి, చుక్క నీరు కారకుండ గట్టిగా పిండి, కుర్చీ మీద పరచి, సన్నని బెత్తముతో మెల్లగ కొట్టుడు. లేచిన దుమ్ము గదిలోనికి రాక దుప్పటి కంటుకొనును. దుప్పటిని తీసి చూచినపుడు కనబడు నల్లని గుర్తులే ఇంతకాలము మీరు కూర్చున్న చోటి చరిత్ర. వారమున కొకసారి పొడి బ్రష్షు, నెల కొకసారి ఈ దుప్పటి చాలును. శిథిలమైన గుడ్డను, పాత మఖమలును మాత్రము కొట్టరాదు. మఖమలును నూగు వాలిన వైపునకే బ్రష్షుతో దువ్వవలెను.

దుమ్మును అశ్రద్ధ చేయరాదనుటకు అందము మాత్రమే కారణము కాదు. ఇంటి దుమ్ములో కంటికి కనబడనంత చిన్న పురుగులు, మిల్లీమీటరులో మూడవ వంతు పరిమాణము గలవి, మన చర్మము నుండి రాలు పొలుసులను తిని జీవించును. వానికిని దుమ్ము వలన వచ్చు ఉబ్బసమునకును గల సంబంధమును 1964లో హాలెండు దేశపు వైద్యులు వెల్లడించిరి. ఆ పురుగులు నీరు త్రాగవు; గాలిలోని తేమను పీల్చి బ్రతుకును. తేమ మెండుగ గల మన ప్రాంతము వానికి పుట్టిల్లు వంటిది. రాత్రి దగ్గు తగ్గని పిల్లవాడున్న యింట మందు మార్చుటకు ముందు వాడు పగలంతయు దొర్లు సోఫాను ఒకసారి చూడుడు. వైద్యుని మానుమని కాదు. రెండును చేయుడని నా మనవి.

ఇక తడి పని. క్రొత్త కుర్చీలకు కొన్నిటి అడుగున చిన్న చీటీ కుట్టియుండును. దానిపై డబ్ల్యూ అను అక్షరమున్న నీటితో శుభ్రపరచవచ్చును. ఎస్ అనిన నీరు కూడదు, పొడిశుద్ధి ద్రావకములే వాడవలెను. రెండక్షరములును కలిసియున్న రెండింటిలో నేదైనను సరియే. ఎక్స్ అని యున్న దుమ్ము తీయుట తప్ప మరేమియు చేయరాదు. పాత కుర్చీలకు చీటీ యుండదు. వానికి పరీక్షయే గతి. కుర్చీ వెనుక అడుగుభాగమున, ఎవరికిని కనబడని చోట, తెల్లని నూలుగుడ్డను వాడదలచిన ద్రవములో ముంచి అద్ది ఒక నిమిషము ఉంచుడు. రంగు గుడ్డకంటిన ఆ ద్రవమును మానవలెను. అంటకున్నను ఆరిన పిమ్మట మచ్చ మిగిలినదా, గుడ్డ ముడుచుకొన్నదా యని మరునాడు చూచి, ఆపైన పని మొదలిడుడు.

మన పెద్దలు పట్టుబట్టలకు, ఉన్నికి వాడిన కుంకుడుకాయయే ఈ పనికిని ఉత్తమము. పది కాయలను గింజలు తీసి అర లీటరు నీటిలో రాత్రి నానవేసి, ఉదయము పిసికి వడగట్టి, కవ్వముతో చిలుకుడు. నీటిని వాడక పైకి వచ్చిన నురుగును మాత్రమే స్పాంజితో తీసి గుడ్డపై పూయవలెను. నురుగులో నీరు స్వల్పము. అది పై మురికిని పట్టుకొనును గాని లోపలికి దిగదు. వెంటనే శుభ్రమైన తడిబట్టతో తుడిచి, పొడిబట్టతో అద్దవలెను. ఒకేసారి కుర్చీ యంతయు తడుపక, చేయి తరువాత చేయి, వీపు తరువాత వీపు, ఒక్కొక్క భాగముగ చేయుట మంచిది. తెల్లని, లేత రంగు గుడ్డలకు కుంకుడు రసము పసుపు ఛాయ నిచ్చును. అట్టివానికి మెత్తని ద్రవ సబ్బు నురుగు వాడుకొనుడు.

సబ్బు విషయమున ఒక హెచ్చరిక. బోరు నీరు ఉప్పగ నున్న యిండ్లలో సబ్బు సరిగ నురుగదు. నీటిలోని సున్నపు లవణములతో కలిసి బంకవంటి తెట్టుగ మారును. ఆ తెట్టు గుడ్డపై నిలిచి మరింత దుమ్మును పట్టుకొనును. పండుగకు శుభ్రపరచిన కుర్చీ పది దినములకే మరల నల్లబడినదని వినుటకు ఇది యొక హేతువు. ఇట్టి యిండ్లలో త్రాగుటకు కొను నీటిని ఒక చెంబెడు వాడుడు, లేదా వాన నీటిని పట్టి యుంచుకొనుడు. కుంకుడుకాయకు ఈ బాధ లేదు.

మరకలలో మన యిండ్లకు ప్రత్యేకమైనవి రెండు, తలనూనె, పసుపు. కుర్చీ వీపున తల ఆనించు చోట నల్లగ మెరయు వలయము లేని తెలుగిల్లు నా కనులకు కనబడలేదు. ఈ బాధ మనకు మాత్రమే కాదు. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులో పురుషులు మకాసర్ అను తైలమును తలకు దట్టముగ రాచుకొనెడివారు. కుర్చీలు పాడగుటచే అచ్చటి గృహిణులు వీపు మీద అల్లిక గుడ్డలు వేయ మొదలిడిరి. ఆ గుడ్డకు ఆంటీమకాసర్, అనగా మకాసర్ నిరోధకము అని పేరు. రైళ్లలో కొన్ని కుర్చీల తలాపున మనము చూచు తెల్లగుడ్డ దాని మునిమనుమరాలు. అమ్మమ్మ అల్లిన కుట్టు గుడ్డ ట్రంకు పెట్టెలో నుండిన తీసి కుర్చీకి వేయుడు; వారమున కొకసారి ఉతుకుకొనిన చాలును.

పట్టిన నూనెను తీయుటకు నీరు నిష్ప్రయోజనము. మొదట మొక్కజొన్న పిండిగాని, ముఖమునకు పూసుకొను పౌడరుగాని దళముగ చల్లి, ఒక రాత్రి యుంచి, ఉదయము బ్రష్షుతో దులుపుడు. నూనె కొంత పిండిలోనికి వచ్చును. రెండు మూడు సారులు చేసిన పిదప మిగిలినదానికి నురుగు. శనగపిండిని కొందరు వాడుదురు. ఒంటికి నలుగు పెట్టుటకది మంచిదే గాని గుడ్డలో మిగిలిన రేణువులకు పురుగులు పట్టును; లేత రంగులకు ఛాయ అంటును. నేను దానిని సిఫారసు చేయను.

పేరంటము జరిగిన మరునాటి కుర్చీ పసుపుతో నిండియుండును. ఇచ్చట తొందరపడి సబ్బు రుద్దువారు ఎర్రని మరకను చూచి బెదరెదరు. పసుపులోని రంగు క్షారము తగిలిన ఎర్రబారును. పసుపులో సున్నము కలిపి పారాణి చేయు మన స్త్రీలకు ఇది క్రొత్త సంగతి కాదు. కావున సబ్బు, సోడా, సున్నము తగులనీయక, పొడిగనున్నప్పుడే దులిపి, మూడు పాళ్ల నీటికి ఒక పాలు వెనిగరు కలిపి అద్దవలెను. తరువాత ఎండకు త్రిప్పవలెను. పసుపు రంగు వెలుతురుకు నిలువదు. రెండు మూడు దినముల యెండలో తనంతట తానే వెలిసిపోవును. కుంకుమకు ఈ మాట చెల్లదు, ఈనాటి కుంకుమలో కృత్రిమ రంగులు కలియుచున్నవి. దానిని తడుపక, పొడిగ యంత్రముతో పీల్చుటయో, మెత్తని బ్రష్షుతో ఎత్తుటయో చేయవలెను. తడిచేతితో తుడిచిన దినమే అది శాశ్వతమగును.

కాఫీ ఒలికిన వెంటనే అద్దుడు, రుద్దవలదు. మరక అంచు నుండి నడిమికి రావలెను గాని నడిమి నుండి అంచునకు పోరాదు. పాలు కలిసిన కాఫీకి చన్నీరే వాడవలెను. వేడి నీటిచే పాలలోని మాంసకృత్తులు గుడ్డలో గడ్డకట్టును. కలము సిరాకు దూదిపై స్పిరిటు. పిల్లల మూత్రమునకు వెనిగరు నీరు, ఆరిన పిమ్మట వంటసోడా చల్లి దులుపుట.

కిరసనాయిలు, పెట్రోలు కుర్చీల దగ్గరకు తేరాదు. ఫోముతో చేసిన కుర్చీ మండుటలో ఎండుగడ్డితో సమానము. దాని పొగ విషము. ఒకప్పుడు మరకలు తీయుటకు కార్బన్ టెట్రాక్లోరైడు అను ద్రవమును వాడిరి. దాని ఆవిరి కాలేయమును చెరుచును. భూమిపైనున్న ఓజోను పొరకు హాని కలిగించు పదార్థముల మీద 1987లో కుదిరిన మాంట్రియల్ ఒడంబడికచే దాని వాడుక కట్టుబడినది. ఏ పాత యింటి అటక మీదనైన అట్టి సీసా కనబడిన మూత తీయవలదు. స్నానాల గది ఆసిడును, బ్లీచింగు ద్రవమును కలిపి ప్రయోగము చేయుట ప్రాణాంతకమని వేరుగ చెప్ప నక్కరలేదనుకొందును.

ఇప్పుడు మన యూరి సంగతికి వచ్చెదను. 2023 డిసెంబరు మొదటి వారమున మిచాంగ్ తుఫాను చెన్నపట్నమును, తిరువళ్లూరు జిల్లాను ముంచి, 5వ తేదీన బాపట్ల వద్ద తీరము దాటినది. ఇచ్చట మనలను తడిపి, అచ్చట మన బంధువులను తడిపినది. ఆ వారము ఎందరి యిండ్లలో సోఫాలు నీట తేలినవో మీకు తెలియనిది కాదు. తడిసినవానిలో వేటి నుంచుకొనవచ్చునో వేటిని విడువవలెనో తెలియక పలువురు తికమకపడిరి. నియమము సులభము. కప్పు కారిన వాననీరు మాత్రమే తగిలిన కుర్చీని ఒకటి రెండు దినములలో లోపలి వరకు ఆర్పగలిగిన దక్కించుకొనవచ్చును. ఆ గడువు దాటిన బూజు పుట్టును. వీధి నీరు, మురుగు కాలువ నీరు తగిలిన దూదిని, ఫోమును, పైగుడ్డను ఎంత ఖరీదైనను పారవేయవలసినదే. కడిగిన శుద్ధి కావు. కాని కర్రను పారవేయవలదు. చేతికి తొడుగులు, ముక్కునకు గుడ్డ కట్టుకొని మెత్తలను విప్పి తీసి, కర్రను సబ్బునీటితో కడిగి, నీడలో గాలికి నిదానముగ ఆరనీయుడు. ఎండలో పెట్టిన పలకలు వంగి, అతుకులు విడును. స్ప్రింగులను తుడిచి, తుప్పు పట్టినవానిని మార్చుకొనుడు. కార్తీకము రాకముందే కుర్చీలను గోడ నుండి జానెడు జరిపి, కాళ్ల క్రింద ఇటుకలు పెట్టు అలవాటు మరల తెచ్చుకొనుట నష్టము కాదు.

వేసవి కర్తరి మన పక్షము. విడదీయగల మెత్తలను ఉదయము మిద్దెపై వేసి, మధ్యాహ్నము త్రిప్పి, సాయంకాలము దులిపి తీయుడు. రంగు గుడ్డయైనచో దుప్పటి కప్పవలెను. ఫోమును నేరుగ యెండలో దినముల తరబడి ఉంచిన పసుపెక్కి పొడిపొడిగ రాలును. నల్లుల మీద ఎండకు గల శక్తిని మనము ఎక్కువగ నమ్ముచున్నాము. అవి చచ్చుటకు ఏబది డిగ్రీల వేడి లోపలి కుట్ల వరకు చేరి చాలసేపు నిలువవలెను. ఒక వైపు ఎండ తగిలిన అవి రెండవ వైపు నీడకు నడచిపోవును. కుట్ల వెంట యంత్రముతో పీల్చి, కర్ర సందులలో వేడినీటి ఆవిరి పట్టించి, పది దినములకు మరల చేసిన గాని గ్రుడ్ల నుండి వచ్చిన పిల్లలు పోవు. నాఫ్తలీను గుండ్లను పసిబిడ్డలున్న యింట మెత్తలలో పెట్టరాదు. కొందరు శిశువులకు దాని వాసన వలన రక్తకణములు విరిగి కామెర్లు వచ్చును. ఎండిన వేపాకును పలుచని గుడ్డలో కట్టి పెట్టుకొనుడు.

రెక్సిన్ అనునది మొదట ఒక ఆంగ్లేయ సంస్థ తన కృత్రిమ చర్మమునకు పెట్టుకొన్న పేరు. నేడు ప్లాస్టిక్ పూసిన ప్రతి గుడ్డకును మనము ఆ పేరే పెట్టుచున్నాము. దీనికి తడిబట్ట చాలును. తలనూనె, చెమట నిలిచిన చోట దానిలోని మెత్తదనమునిచ్చు ద్రవ్యము హరించి, గట్టిపడి పగులును. అందుచే మెరయుటకు కొబ్బరినూనె రాయుట తగదు. నిజమైన తోలునకు మాత్రము సంవత్సరమున కొకటి రెండుసారులు తోలు కొరకు అమ్ము మైనపు లేపనము రాయవచ్చును.

చివరకు కుషను పనివారిని గూర్చి ఒక మాట. బేరము కుదుర్చుకొనుటకు ముందు లోపల నేమి వేయుదురో అడుగుడు. ఫోమైనచో దాని సాంద్రతను బిల్లుపై వ్రాయించుకొనుడు. కూర్చుండు చోటికి ఘనమీటరుకు 32 కిలోలకు తగ్గినది వలదు, వీపునకు కొంత తేలిక చాలును. పాత నవారును, స్ప్రింగులను మీ యెదుట చూపించి మార్చుమనుడు. పాత పైగుడ్డను చింపక కుట్లు విప్పి తీయుమని గట్టిగ చెప్పుడు. క్రొత్త గుడ్డ కత్తిరించుటకు దాని కన్న మంచి కొలత లేదు. పని ముగిసిన తరువాత మిగిలిన ముక్కను అడిగి తెచ్చుకొనుడు. చేతుల దగ్గర మొదట చిరుగునపుడు అతుకు వేయుటకు అది కావలసివచ్చును.